నొటేషన్ టైపు చేయడానికి ఏ సాఫ్ట్‌వేర్ తీసుకోవాలి? మ్యూజ్‌స్కోర్, లిలీపాండ్, డోరికో, సిబెలియస్

పోయిన క్రిస్మస్‌కి మా క్వయర్ కోసం నాలుగు గొంతుల స్కోరు ఒకటి తయారు చేశాను. కాగితాలు తక్కువ పడతాయని ఆరు పేజీలది నాలుగు పేజీల్లోకి కుదించాను. ప్రాక్టీసులో బేస్ వరుసలో నిలబడే పెద్దాయన కాగితాన్ని ట్యూబ్‌లైట్ వైపు ఎత్తి పట్టుకుని, "ఈ నోటు గీత మీద ఉందా బాబూ, గీతల మధ్యన ఉందా?" అని అడిగారు. స్కేలు పెట్టి కొలిస్తే అయిదు గీతల ఎత్తు మొత్తం కలిపి నాలుగున్నర మిల్లీమీటర్లు. ఆ రాత్రి దాన్ని ఆరు మిల్లీమీటర్లు చేసి, మళ్ళీ ఆరు పేజీలు ప్రింటు తీసి ఇచ్చాను. మర్నాడు ఆయన ఒక్క చోట కూడా ఆగలేదు.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, "నొటేషన్‌కి ఏ సాఫ్ట్‌వేర్ మంచిది" అని అడిగేవాళ్ళలో ఎక్కువమంది ముందు ధర చూస్తారు, తర్వాత ప్లేబ్యాక్‌లో వయొలిన్ సౌండ్ ఎలా ఉందో వింటారు. కాగితం ఎవరి ముందు ఉంటుంది, ఎంత దూరంలో ఉంటుంది, చదివే మనిషి చేతులు అప్పుడు ఖాళీగా ఉంటాయా అన్నది అడగరు. నా మటుకు నేను అక్కడి నుంచే మొదలుపెడతాను.

ముందు తేల్చుకోవాల్సినవి

మొదటిది, చదివేది ఎవరు. పాడేవాళ్ళు కాగితాన్ని చేత్తో పట్టుకుంటారు కాబట్టి ఏ4 మీద స్టాఫ్ (నోట్లు రాసే ఆ అయిదు గీతలు) ఎత్తు అయిదున్నర, ఆరు మిల్లీమీటర్లు ఉన్నా సరిపోతుంది. వయొలిన్ వాయించేవాళ్ళకి స్టాండు దూరంగా ఉంటుంది, ఒక్కోసారి ఒకే స్టాండు ముందు ఇద్దరు కూర్చుంటారు, వాళ్ళకి ఏడుకి తగ్గకూడదు. మ్యూజ్‌స్కోర్, లిలీపాండ్ రెండూ మొదట తెరిచినప్పుడు దాదాపు ఏడు మిల్లీమీటర్లే ఇస్తాయి, దాన్ని తగ్గించి పాడు చేసుకునేది మనమే. పేజీ తిప్పడం కూడా ఇక్కడే చూసుకోవాలి. వాయించేవాడికి రెండు చేతులకీ పని ఉన్నచోట పేజీ అయిపోతే అక్కడ మ్యూజిక్ ఆగిపోతుంది. అందుకే కుడివైపు పేజీ చివర్లో రెస్టు (వాయించకుండా ఆగే చోటు) వచ్చేలా బార్లు (నిలువు గీతల మధ్య ఉండే భాగాలు) సర్దాలి. ఈ పని ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా తనంతట తాను చేయదు. కానీ కొన్నింటిలో రెండు నిమిషాల పని, కొన్నింటిలో అరగంట.

రెండోది తెలుగు సాహిత్యం. మన వాళ్ళకి ఇది అన్నిటికంటే పెద్ద తలనొప్పి, దీని గురించి కింద విడిగా రాశాను.

మూడోది, రేపు ఆ కంపెనీ తలుపులు మూస్తే మీ ఫైళ్ళ గతి ఏమిటన్నది. ఇది ఊరికే భయపెట్టడానికి అనడం లేదు. 1988 నుంచి ఉన్న ఫినాలేని ఇక తయారు చేయమని దాని కంపెనీ మేక్‌మ్యూజిక్ 2024 ఆగస్టు 26న ప్రకటించింది. ముప్ఫై అయిదేళ్ళుగా ప్రపంచమంతటా ప్రచురణకర్తలు, అరేంజర్లు వాడిన సాఫ్ట్‌వేర్ అది. వేల కొద్దీ స్కోర్లు ఆ ఫైళ్ళలో ఉన్నవాళ్ళు ఎంత టెన్షన్ పడి ఉంటారో ఆలోచించండి. అందుకని ఏది ఎంచుకున్నా మ్యూజిక్ ఎక్స్‌ఎంఎల్ అనే ఫార్మాట్‌లోకి ఎంత శుభ్రంగా తీయగలమో చూడాలి. స్వరాలు, కాలం, సాహిత్యం, స్లర్లు (నోట్లని కలిపే వంపు గీతలు) ఇందులో చాలావరకు క్షేమంగా దాటతాయి. పేజీ మీద మీరు చేసిన సర్దుబాట్లు చాలా పోతాయి.

డబ్బు, నేర్చుకునే సమయం ఆ తర్వాత.

తెలుగు సాహిత్యం స్టాఫ్ కింద రాసేటప్పుడు

ఇంగ్లీషు పాటకి నోటు కింద పదం పెట్టడానికి, మన పాటకి పెట్టడానికి చాలా తేడా ఉంది. మన అక్షరం కిందికి దిగుతుంది. "స్త్రీ" అని రాస్తే వత్తులు రెండు కిందికి వెళ్తాయి. రెండో చరణం సాహిత్యం దాని కిందే ఉంటే ఆ వత్తులు వెళ్ళి రెండో చరణంలోని గుడి మీదో, తలకట్టు మీదో కూర్చుంటాయి. సాఫ్ట్‌వేర్‌లు ఇచ్చే మామూలు వరుస ఎడం ఇంగ్లీషుని దృష్టిలో పెట్టుకుని పెట్టింది కాబట్టి దాన్ని మనమే పెంచాలి. నేను ఎప్పుడూ ముందు ఇదే మారుస్తాను, తర్వాతే టైపు మొదలుపెడతాను.

ఇక అక్షరాలు విడదీయడం. "అమ్మ" పాడేటప్పుడు నోరు "అమ్" దగ్గర ఆగి "మ" మీదికి వెళ్తుంది. కానీ రాసేటప్పుడు "అమ్-మ" అని పొల్లు పెట్టి విరిస్తే మన కంటికి అడ్డు తగులుతుంది, చదివేవాడు ఒక్క క్షణం తడబడతాడు. "అ-మ్మ" అనే రాయండి. "లక్ష్మి" అయితే "ల-క్ష్మి". ఒత్తక్షరాన్ని ఎప్పుడూ విరగ్గొట్టొద్దు, పాడేవాళ్ళకి అది ఎలా పలకాలో తెలుసు.

టైపు చేసేటప్పుడు ఇంకో చిక్కు ఉంది. ఈ సాఫ్ట్‌వేర్‌లలో స్పేస్ బార్ కొడితే తర్వాతి నోటుకి వెళ్తుంది. ఇంగ్లీషు అక్షరాలు కొట్టి తెలుగు తెప్పించే కీబోర్డుల్లో చాలావాటికి పదం ఖాయం కావాలన్నా స్పేస్ బారే కొట్టాలి. రెండూ కొట్టుకుంటాయి. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు వచ్చినవాళ్ళకి ఈ ఇబ్బంది లేదు. రానివాళ్ళు పాట మొత్తం ముందే నోట్‌ప్యాడ్‌లో హైఫన్లతో విడగొట్టి రాసుకుని, కాపీ చేసి, మ్యూజ్‌స్కోర్‌లో మొదటి నోటు కింద పేస్టు కొడుతూ పోవచ్చు. ఒక్కో పేస్టుకి ఒక్కో అక్షరం పడి కర్సరు ముందుకి జరుగుతుంది. అలవాటైతే చరణానికి రెండు నిమిషాలు.

డీటీపీ షాపులో అను ఫాంట్లతో కొట్టించిన పాట మీ దగ్గర ఉంటే దాన్ని నేరుగా పేస్టు చేయకండి. అది యూనికోడ్ కాదు, పిచ్చి అక్షరాలు వస్తాయి. యూనికోడ్‌లోకి మార్చుకున్నాకే ముట్టుకోండి.

ఏ సాఫ్ట్‌వేర్ కొనే ముందైనా ఒక చిన్న పరీక్ష పెట్టండి: నాలుగు నోట్లు వేసి కింద "శ్రీ", "స్త్రీ", "క్ష్మి", "ర్యం" టైపు చేసి, పీడీఎఫ్ తీసి, దాన్ని వేరే కంప్యూటర్‌లో తెరవండి. వత్తులు విడిపోకుండా కనిపిస్తేనే ముందుకు వెళ్ళండి.

మ్యూజ్‌స్కోర్ స్టూడియో

ఉచితం, ఓపెన్ సోర్స్. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటి మీదా నడుస్తుంది. 2022 డిసెంబరులో వచ్చిన నాలుగో వెర్షన్‌తో దీని రూపమే మారిపోయింది. అంతకుముందు దీన్ని "ఫ్రీది కదా, సర్దుకుపోదాం" అని వాడేవాళ్ళు, ఇప్పుడు ఆ అవసరం లేదు. నోట్ల మధ్య ఎడం, స్లర్ల వంపు, బీముల (నోట్ల కాడల్ని కలిపే అడ్డగీతల) వాలు చాలా బాగుపడ్డాయి. ఇందులోని లీలాండ్ ఫాంటుకి ఆ పేరు లీలాండ్ స్మిత్ మీదుగా పెట్టారు. కంప్యూటర్‌తో నొటేషన్ అచ్చు వేయడంలో చాలాకాలం మేటిగా నిలిచిన స్కోర్ అనే ప్రోగ్రాంని స్టాన్‌ఫర్డ్‌లో తయారు చేసింది ఆయనే.

నేర్చుకోవడం తేలిక. ఎన్ కొడితే రాసే మోడ్, 5 కొడితే క్వార్టర్ నోట్, స్వరం పేరు కొడితే స్వరం పడుతుంది. ఒక ఆదివారం కూర్చుంటే చిన్న పాట పూర్తవుతుంది. తెలుగు అక్షరాలు సరిగ్గా కలుపుతుంది, ఫాంటు మాత్రం మీరే మండలి లాంటిదో, నోటో సెరిఫ్ తెలుగో పెట్టుకోవాలి.

ఒక్క జాగ్రత్త. సాఫ్ట్‌వేర్ వేరు, అదే పేరుతో స్కోర్లు పంచుకునే వెబ్‌సైటు వేరు. ఆ సైటులో ఇతరులు పెట్టిన స్కోర్లు దించుకోవడానికి చందా అడుగుతారు. రాసుకునే సాఫ్ట్‌వేర్‌కి రూపాయి కట్టక్కర్లేదు. ఈ రెండిటికీ తేడా తెలియక కార్డు నంబరు ఇచ్చేసిన తల్లిదండ్రులని నేనే ఇద్దరిని చూశాను.

లోటు ఎక్కడంటే పెద్ద ఆర్కెస్ట్రా స్కోరులో. ఇద్దరు ఫ్లూట్లని స్కోరులో ఒకే స్టాఫ్ మీదికి కలిపి, పార్టుల్లో (ఒక్కొక్కరికీ ఇచ్చే సొంత కాగితాల్లో) మళ్ళీ విడివిడిగా ఇవ్వాల్సి వచ్చినప్పుడు చేతిపని చాలా ఉంటుంది.

లిలీపాండ్

ఇది అందరికీ కాదు, కానీ నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. 1996లో నెదర్లాండ్స్‌లో హాన్-వెన్ నీన్‌హౌస్, యాన్ న్యూవెన్‌హౌజన్ అనే ఇద్దరు సంగీతకారులు మొదలుపెట్టారు. కంప్యూటర్‌లో తీసిన నొటేషన్ చప్పగా, యాంత్రికంగా ఎందుకు ఉంటుంది, పాతకాలపు చేతి అచ్చు కంటికి ఎందుకు హాయిగా ఉంటుంది అన్న ప్రశ్నతో మొదలైన పని అది. ఆ పాతకాలంలో ప్యూటర్ లోహపు పలక మీద గీతలు గీసి, ఉక్కు ముద్రలతో ఒక్కో నోటునీ అద్దంలో కనిపించినట్టు తిరగేసి కొట్టేవారు. ఏ నోటుకి ఎంత చోటు ఇవ్వాలో కొట్టే ముందే లెక్కగట్టి పలక మీద గుర్తులు పెట్టుకునేవారు. కాడ పైకి ఉన్న నోటు పక్కన కాడ కిందికి ఉన్న నోటు వస్తే, కొలతలో ఎడం సమానంగా ఉన్నా కంటికి దగ్గరగా అనిపిస్తుంది. చేయి తిరిగినవాళ్ళు అక్కడ వెంట్రుకవాసి జరిపేవారు. లిలీపాండ్ అలాంటివి కూడా పట్టించుకుంటుంది, గీతల మందం కాస్త ఎక్కువ ఉంచుతుంది. అందుకే ట్యూబ్‌లైట్ కింద బాగా చదవగలుగుతాం.

ఇందులో మౌస్‌తో నోట్లు పెట్టడం ఉండదు. స్వరం పేరు, పక్కన 4 అంకె వేస్తే క్వార్టర్ నోట్, 8 వేస్తే ఎయిత్ నోట్, ఇలా పాటంతా అక్షరాలతోనే రాసి, కంపైల్ చేస్తే పీడీఎఫ్ వస్తుంది. ఫ్రెస్కోబాల్డి అనే ఎడిటర్‌లో పక్కపక్కనే రాత, పేజీ రెండూ చూసుకోవచ్చు. ప్రోగ్రామింగ్ తెలిసిన మన కుర్రాళ్ళకి రెండు రోజుల్లో చేతికొస్తుంది. తెలియనివాళ్ళకి మొదటి రెండు వారాలు విసుగు తప్పదు.

ఫైలు మామూలు టెక్స్టు కాబట్టి ఇరవై ఏళ్ళ తర్వాత కూడా కనీసం చదవగలం, అది పెద్ద ధైర్యం. అయితే ఇందులోంచి మ్యూజిక్ ఎక్స్‌ఎంఎల్‌లోకి తీయడం సరిగ్గా కుదరదు. లోపలికి తేవడానికి దారి ఉంది, బయటికి మాత్రం కష్టం. స్టూడియోలో సిబెలియస్ ఫైలు కావాలని అడిగేవాళ్ళతో పని చేస్తుంటే దీని జోలికి వెళ్ళకండి.

డోరికో, సిబెలియస్

ఈ రెండింటి కథ ఒకటే. సిబెలియస్‌ని బెన్ ఫిన్, జోనథన్ ఫిన్ అనే కవల సోదరులు ఇంగ్లండ్‌లో రాశారు, 1993లో ఏకార్న్ కంప్యూటర్ల మీద వచ్చింది. 2006లో ఎవిడ్ అనే కంపెనీ కొనుక్కుంది, 2012లో లండన్ ఆఫీసు మూసేసింది. అక్కడ పని చేసిన బృందాన్ని స్టైన్‌బర్గ్ అనే ఇంకో కంపెనీ చేరదీసింది. వాళ్ళు పాత కోడ్ ఏదీ లేకుండా మొదటి నుంచి రాసిందే డోరికో, 2016 అక్టోబరులో వచ్చింది. నొటేషన్ గుర్తుల ఫాంట్లు ఒక సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకోదానికి పనికొచ్చేలా స్మఫుల్ అనే ఉమ్మడి ప్రమాణాన్ని తయారు చేసింది కూడా ఆ బృందమే. మ్యూజ్‌స్కోర్ కూడా ఈ రోజు దాన్నే వాడుతోంది.

పెద్ద స్కోరుకి డోరికోకి సాటి లేదని నా అభిప్రాయం. పైన చెప్పిన ఇద్దరు ఫ్లూట్ల చిక్కు ఉంది చూడండి, ప్రో వెర్షన్‌లో అది తనే కలుపుతుంది, విడిపోవాల్సిన చోట తనే విడదీస్తుంది. రాసే మోడ్ వేరు, పేజీ సర్దే మోడ్ వేరు కాబట్టి రాస్తూ రాస్తూ పొరపాటున పేజీని కదిపేయడం ఉండదు. మొదట్లో ఇదే చిరాకు పెడుతుంది, నెల తర్వాత ఇదే నచ్చుతుంది. ఎస్‌ఈ అనే ఉచిత వెర్షన్ ఉంది, వాద్యాల సంఖ్యకి పరిమితి ఉంటుంది కానీ పాట, కీబోర్డు వరకు హాయిగా సరిపోతుంది. ఒకసారి కొంటే లైసెన్సు మీదే.

సిబెలియస్‌లో చేయి తిరిగినవాళ్ళు ఎంత వేగంగా రాస్తారో పక్కన కూర్చుని చూస్తేనే తెలుస్తుంది. 2009లో ఆరో వెర్షన్‌తో వచ్చిన మాగ్నెటిక్ లేఅవుట్, గుర్తులు ఒకదాని మీద ఒకటి పడకుండా వాటంతట అవే జరగడం, అప్పట్లో పెద్ద సంగతి. స్టూడియోల్లో, కాలేజీల్లో ఇప్పటికీ ఇదే ఎక్కువ. కానీ పెద్ద వెర్షన్లకి ప్రధానంగా చందా పద్ధతి కాబట్టి, ఏటా కట్టే డబ్బు మీకు పని రూపంలో తిరిగి వస్తుందా అని చూసుకోండి.

| | మ్యూజ్‌స్కోర్ | లిలీపాండ్ | డోరికో | సిబెలియస్ |
|---|---|---|---|---|
| డబ్బు | ఉచితం | ఉచితం | ఉచిత చిన్న వెర్షన్, మిగతావి కొనాలి | ఉచిత చిన్న వెర్షన్, మిగతావి ప్రధానంగా చందా |
| చేతికి రావడానికి | ఒకటి రెండు రోజులు | రెండు వారాలు పైనే | నెల | వారం |
| పేజీ అందం, చేయి పెట్టకుండా | బాగుంటుంది | చాలా బాగుంటుంది | చాలా బాగుంటుంది | ఫర్వాలేదు, సర్దాలి |
| మ్యూజిక్ ఎక్స్‌ఎంఎల్ బయటికి | బాగా | కష్టం | బాగా | బాగా |
| లినక్స్ | ఉంది | ఉంది | లేదు | లేదు |

కర్ణాటక స్వరాలు రాయాలంటే

చాలామంది అడిగేది ఇదే: పాఠాలు స్టాఫ్‌లో రాయాలా, స్వరాల్లోనా? ఈ సందేహం కొత్తది కాదు. 1890ల్లోనే చిన్నస్వామి మొదలియార్ మన కృతుల్ని స్టాఫ్‌లోకి ఎక్కించే ప్రయత్నం చేశారు. ఆయన ప్రోద్బలం కూడా ఉండి సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురంలో అచ్చు వేయించిన సంగీత సంప్రదాయ ప్రదర్శిని మాత్రం తెలుగు లిపిలో, స్వరాలతో, గమకాలకి ప్రత్యేక గుర్తులతో వచ్చింది. తమిళ దేశంలో, తెలుగు అక్షరాలతో, ఆ రోజుల్లో ఆ గుర్తులన్నీ అచ్చుకి తేవడమంటే ఎంత ఓపిక కావాలో.

నా సలహా: చదివేది కర్ణాటక విద్యార్థి అయితే స్టాఫ్ వద్దు. లిబ్రెఆఫీస్‌లో పట్టిక చాలు. ఆది తాళానికి ఎనిమిది గడులు, నాలుగో దాని తర్వాత, ఆరో దాని తర్వాత నిలువు గీత, చివర జంట గీత. ఇబ్బంది చుక్కలతో వస్తుంది. తారస్థాయి చుక్క అక్షరం పైన పెట్టాలి, మన "రి", "ని" మీద అప్పటికే గుడి ఉంటుంది. చాలా తెలుగు ఫాంట్లలో ఆ చుక్క గుడి మీద పడుతుంది, లేదా పక్కకి జారిపోతుంది. అందుకని నేను స్వరాల వరుసకి పైన ఒకటి, కింద ఒకటి సన్నటి వరుసలు పెట్టి చుక్కల్ని వాటిలో వేస్తాను. ఆ కింద సాహిత్యం వరుస. ఒకసారి ఈ పట్టిక తయారు చేసుకుంటే ప్రతి పాఠానికీ అదే కాపీ.

ట్రినిటీ గ్రేడ్లు (లండన్ సంస్థ పెట్టే పాశ్చాత్య సంగీత పరీక్షలు) చదివే పిల్లలకో, విదేశాల్లో ఆర్కెస్ట్రాలో వాయించే మన పిల్లలకో ఇవ్వాలంటే స్టాఫ్ తప్పదు. అప్పుడు కీ సిగ్నేచర్ (స్టాఫ్ మొదట్లో పెట్టే షార్ప్, ఫ్లాట్ గుర్తులు) దగ్గర ఆగండి. మాయామాళవగౌళ షడ్జం సి లో పెడితే సి, డి ఫ్లాట్, ఇ, ఎఫ్, జి, ఏ ఫ్లాట్, బి. మామూలు సిగ్నేచర్లలో డి, ఏ రెండే ఫ్లాటుగా ఉన్నది ఒక్కటీ లేదు. మ్యూజ్‌స్కోర్‌లో సొంత సిగ్నేచర్ తయారు చేసుకోవచ్చు, లిలీపాండ్, డోరికోలో కూడా కుదురుతుంది. ప్రతి స్వరానికీ ఫ్లాట్ గుర్తు పెట్టుకుంటూ పోతే పేజీ నల్లబడిపోతుంది. గమకం మాత్రం గురువు గొంతులోంచి రావాల్సిందే, దానికోసం నోట్ల మీద చిన్న నోట్లు గుప్పించకండి.

మరి మీరు ఏది తీసుకోవాలి

క్వయర్, స్కూలు, కీబోర్డు క్లాసు: మ్యూజ్‌స్కోర్, ఇంకో ఆలోచన వద్దు. పాటల పుస్తకం అచ్చు వేసే ఆలోచన ఉండి, రెండు మూడు వందల పాటలు ఒకే తీరుగా రావాలంటే లిలీపాండ్ నేర్చుకున్న కష్టం ఊరికే పోదు, ఫాంటో ఎడమో ఒక్క చోట మారిస్తే పుస్తకమంతా మారుతుంది. అరేంజర్‌గా బతుకుతెరువు చూసుకుంటున్నవాళ్ళు మీకు పని ఇచ్చేవాళ్ళు ఏది వాడుతున్నారో ముందు కనుక్కోండి. వాళ్ళది సిబెలియస్ అయితే మీరూ అదే. అలాంటి కట్టుబాటు లేకపోతే డోరికో. ఫినాలే ఉన్నవాళ్ళు అది ఇంకా తెరుచుకుంటుండగానే ఫోల్డర్ మొత్తాన్ని మ్యూజిక్ ఎక్స్‌ఎంఎల్‌లోకి ఒకేసారి మార్చే సదుపాయం వాడేయండి, ప్రతిదానికీ పీడీఎఫ్ కూడా తీసి పెట్టుకోండి. కొత్త కంప్యూటర్ కొన్నాక చూద్దాం అనుకోవద్దు.

ఇంకా తేలకపోతే మీకు బాగా వచ్చిన పాటలో ఒక పదహారు బార్లు తీసుకుని, సాహిత్యంతో సహా మ్యూజ్‌స్కోర్‌లో ఒకసారి, డోరికో ఎస్‌ఈలో ఒకసారి రాయండి. రెండూ ఉచితమే. ప్రింటు తీసి, చదవాల్సిన మనిషి చేతిలో పెట్టి, పాడుతుంటే ఎక్కడ తడబడుతున్నారో చూడండి.

ఆ ప్రింటు జిరాక్స్ షాపులో తీయిస్తుంటే పక్కనే నిలబడండి. ప్రింట్ డైలాగులో "ఫిట్" అని ఉంటే అది పేజీని కాస్త కుదించేస్తుంది, మీరు ఆరు పెట్టిన స్టాఫ్ అయిదున్నర అయిపోతుంది. "యాక్చువల్ సైజ్" పెట్టమని చెప్పి, మొదటి కాగితం బయటికి రాగానే స్కేలు పెట్టి కొలిచాకే మిగతా కాపీలు తీయమనండి.